ఆన్‌లైన్ కోర్సు పూర్తి నమోదు

ఆన్‌లైన్ కోర్సు పూర్తి నమోదు అనగా కంప్యూటరు ద్వారా బోధింపబడే కోర్సులో విద్యార్థి ఏయే భాగములను ముగించినది, కోర్సు మొత్తము ముగిసినదా లేదా అను విషయమును అభ్యసన నిర్వహణ వ్యవస్థ లెక్కించి భద్రపరచు విధానము. అభ్యసన నిర్వహణ వ్యవస్థను సాధారణ వ్యవహారములో ఎల్.ఎం.ఎస్ అని పిలుస్తారు. పాఠము ప్రక్కన కనిపించు టిక్కు గుర్తు, కోర్సు పేరు క్రింద కనిపించు శాతము, చివరన లభించు ధ్రువపత్రము ఈ నమోదుపైననే ఆధారపడి ఉండును.

విశ్వవిద్యాలయములు ఆన్‌లైన్ కోర్సులకు క్రెడిట్లు ఇచ్చుట, ఉపాధ్యాయుల వృత్తి శిక్షణ ఆన్‌లైన్‌లో జరుగుట మొదలైన తరువాత ఈ నమోదుకు ప్రాముఖ్యత పెరిగినది. నమోదులో తప్పు దొర్లినచో చదివిన విద్యార్థికి క్రెడిట్లు రాకపోవచ్చును. చదవని వారికి ధ్రువపత్రము లభించవచ్చును. "అన్ని పాఠములు చూచినను 100 శాతము రాలేదు" అనునది ఇందులో తరచుగా వినిపించు ఫిర్యాదు. వ్యవస్థ విద్యార్థి చదువును నేరుగా చూడజాలదు. తనకు అందిన సంకేతములను, కోర్సు తయారుచేసినవారు పెట్టిన నియమములతో పోల్చి మాత్రమే నిర్ణయము తీసుకొనును. కావున లోపమును వెదకుట అనగా ఆ సంకేతము ఎక్కడ ఆగినదో, ఆ నియమము ఏమి కోరుచున్నదో తెలుసుకొనుటయే.

నేపథ్యము

తరగతి గదిలో హాజరు పట్టీ చేయు పనిలో కొంత భాగమును ఆన్‌లైన్ కోర్సులలో పూర్తి నమోదు చేయును. పాఠ్యాంశములను ఒకరు, వ్యవస్థను మరొకరు తయారుచేయు సందర్భములలో రెండింటికీ మధ్య ఒక ఉమ్మడి భాష అవసరమైనది. అమెరికా రక్షణ శాఖకు చెందిన ఏ.డి.ఎల్ కార్యక్రమము ఇందుకొరకు స్కార్మ్ అను ప్రమాణమును రూపొందించినది. దీని 1.2 కూర్పు 2001 అక్టోబరులోను, స్కార్మ్ 2004 అను కూర్పు 2004లోను వెలువడినవి. బ్రౌజరు వెలుపల జరుగు అభ్యసనమును కూడ నమోదు చేయుటకు వీలు కల్పించు ఎక్స్-ఏపీఐ ప్రమాణము 1.0 కూర్పు 2013లో వచ్చినది.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు చెందిన మార్టిన్ డౌగియామస్ రూపొందించిన మూడుల్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు 1.0 కూర్పు 2002 ఆగస్టు 20న విడుదలైనది. 2010 నవంబరులో విడుదలైన 2.0 కూర్పుతో పాఠముల పూర్తిని, కోర్సు పూర్తిని గుర్తించు సౌకర్యము మూడుల్‌లో చేరినది.

భారతదేశములో ఏడు ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్ పథకమును ప్రారంభించినవి. 2014 మార్చి నుండి ఈ పథకము పరీక్ష నిర్వహించి ధ్రువపత్రములు ఇచ్చుట మొదలుపెట్టినది. 2017 జూలై 9న స్వయం వేదికను అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించగా, అదే సంవత్సరము సెప్టెంబరు 5న ఉపాధ్యాయుల కొరకు దీక్ష వేదికను అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు ప్రారంభించెను. 2020లో కోవిడ్ కారణముగా విద్యాసంస్థలు మూతపడినప్పుడు కళాశాలలు, పాఠశాలలు ఇటువంటి వ్యవస్థలపై ఎక్కువగా ఆధారపడవలసి వచ్చినది. ఉపాధ్యాయుల నిష్ఠ శిక్షణ కూడ 2020 అక్టోబరు నుండి దీక్ష ద్వారా ఆన్‌లైన్‌లో జరిగినది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతములో ప్రాముఖ్యత

దక్షిణ రాయలసీమలో తిరుపతి విద్యాకేంద్రముగా పేరు పొందినది. ఇచ్చట 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము స్థాపింపబడినవి. 1961లో స్థాపింపబడిన సంస్కృత విద్యాపీఠము 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయముగా మారినది. తిరుపతి ఐ.ఐ.టి., ఐసర్ 2015లో ప్రారంభమైనవి. చిత్తూరు జిల్లా కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో తిరుపతి ప్రత్యేక జిల్లా అయినది.

విశ్వవిద్యాలయ అనుదాన సంఘము 2016లో జారీచేసిన నిబంధనల ప్రకారము ఒక సెమిస్టరులోని మొత్తము కోర్సులలో 20 శాతము వరకు స్వయం ద్వారా చదువుటకు విశ్వవిద్యాలయములు అనుమతింపవచ్చును. 2021 నిబంధనలలో ఈ పరిమితి 40 శాతమునకు పెరిగినది. 2024 ఫిబ్రవరిలో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము ఉన్నత విద్యలో ఆన్‌లైన్ కోర్సుల కొరకు ఎడెక్స్ సంస్థతో ఒప్పందము చేసికొన్నది. ఈ మార్పుల వలన ఎక్కడో ఉన్న సర్వరులోని ఒక నమోదు తిరుపతిలోనో, చిత్తూరులోనో చదువుకొను విద్యార్థి మార్కుల జాబితాలో చేరు స్థితి ఏర్పడినది. కళాశాలలో సెమిస్టరు ఫలితములు ప్రకటించు తేదీలోగా ఆ నమోదు సరిగా చేరనిచో విద్యార్థికి ఆ కోర్సు మిగిలిపోయినట్లే లెక్క.

ఈ ప్రాంతపు పరిస్థితులలో రెండు అంశములు నమోదుపై ప్రభావము చూపగలవు.

• పేర్లు. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాయుదురు; అనేక ఆన్‌లైన్ ఫారములు దానిని చివర వ్రాయమని కోరును. తమిళనాడు సరిహద్దున ఉన్న చిత్తూరు వైపు తండ్రి పేరులోని మొదటి అక్షరమును పేరుకు చేర్చు అలవాటు కూడ కలదు. మునిరత్నం, మునిరాజు, వెంకటేశ్ వంటి పేర్లు ఈ ప్రాంతములో చాలామందికి ఉండును. ఆంగ్లములో ఒకే పేరును పలు విధములుగా వ్రాయవచ్చును. అందువలన పేరును బట్టి రెండు జాబితాలను కలుపునప్పుడు ఒకరి నమోదు మరొకరికి చేరుటకు, లేదా ఎవరికీ చేరకపోవుటకు అవకాశము కలదు.
• నెట్ సౌకర్యము. కొండలు, అడవులు గల మండలములలో సంకేతము బలహీనముగా ఉన్నచోట పాఠమును దించుకొని తరువాత చూచుట జరుగును. అట్టి సందర్భములో నమోదు వెంటనే సర్వరుకు చేరదు.

పనిచేయు విధానము

పూర్తి నమోదు సాధారణముగా ఐదు అంచెలలో జరుగును.

1. చేరిక: విద్యార్థి ఒక ఖాతాతో కోర్సులో, కొన్ని వేదికలలో ఒక నిర్ణీత బ్యాచ్‌లో చేరును.
2. చర్య: విద్యార్థి పాఠము తెరచును, వీడియో చూచును, క్విజ్ వ్రాయును, అసైన్‌మెంటు సమర్పించును.
3. సంకేతము: బ్రౌజరు లేదా మొబైల్ యాప్ ఆ చర్యను గురించి సర్వరుకు తెలియజేయును.
4. నిర్ణయము: సర్వరు ఆ సంకేతమును నియమముతో పోల్చి పాఠము పూర్తి అయినదో లేదో నిర్ణయించును.
5. సమాహారము: పాఠముల ఫలితములన్నింటిని కూడి కోర్సు పూర్తిని లెక్కించి, అర్హత ఉన్నచో ధ్రువపత్రమును సిద్ధము చేయును.

మూడుల్‌లో పాఠము పూర్తి, కోర్సు పూర్తి అనునవి రెండు వేర్వేరు విషయములు. పాఠమునకు మూడు రకముల ఏర్పాట్లు కలవు: పూర్తిని గుర్తించకుండుట, విద్యార్థియే టిక్కు పెట్టుకొనుట, నియమములు నెరవేరినప్పుడు వ్యవస్థయే గుర్తించుట. కోర్సు పూర్తికి ఏ పాఠములు అవసరమో వేరుగా ఎంచుకొనవలెను. పాఠములన్నింటికీ టిక్కులు కనిపించుచున్నను కోర్సు పూర్తికి నియమములే ఎంచుకొననిచో కోర్సు ఎన్నటికీ పూర్తి కాదు.

సాధారణ లోపములు, కారణములు

నియమములకు సంబంధించినవి

లోపముగా కనిపించు అనేక సందర్భములలో వ్యవస్థ సరిగానే పనిచేయుచుండును. నియమము మాత్రము ఉపాధ్యాయుడు అనుకొన్నట్లు ఉండదు.

• అసైన్‌మెంటుకు "గ్రేడు రావలెను" అను నియమము ఉన్నప్పుడు, విద్యార్థి సమర్పించినను ఉపాధ్యాయుడు దిద్ది మార్కులు వేయువరకు అది అసంపూర్ణముగానే ఉండును. సమర్పణతోనే పూర్తి కావలెనన్నచో నియమమును ఆ విధముగా మార్చవలెను.
• ఒక పాఠమును ఒక బృందమునకే పరిమితము చేసి, దానినే అందరికీ కోర్సు పూర్తి నియమముగా ఉంచినచో ఇతర బృందముల వారు దానిని తెరవలేరు, కోర్సును ముగించలేరు. దాచివుంచిన పాఠమును నియమముగా పెట్టినప్పుడు కూడ ఇదే జరుగును.
• కోర్సు నడుచుచుండగా క్రొత్త పాఠమును చేర్చినచో అప్పటివరకు 100 శాతము ఉన్నవారి శాతము తగ్గిపోవచ్చును.
• మూడుల్‌లో కొందరు విద్యార్థులు పాఠమును ముగించిన తరువాత దాని పూర్తి నియమములకు తాళము పడును. ఆ తాళము తీసి మార్పులు భద్రపరచినచో పాత నమోదులు తొలగిపోవును. వ్యవస్థ తిరిగి లెక్కించుటకు ప్రయత్నించును కాని, విద్యార్థులు స్వయముగా పెట్టుకొన్న టిక్కులు తిరిగి రావు.

సంకేతమునకు సంబంధించినవి

పాఠపు పేజీలో వీడియోను అతికించి "పేజీ చూడవలెను" అని నియమము పెట్టినచో, వ్యవస్థకు తెలియునది పేజీ తెరచినట్లు మాత్రమే. వీడియో చివరివరకు నడిచినదీ లేనిదీ దానికి తెలియదు. ఇందుకు విరుద్ధముగా, కొన్ని వేదికలలో వీడియోను చివరివరకు నడిపిన తరువాతనే సంకేతము వెళ్ళును; ముందుకు జరిపి చూచినవారికి పూర్తి నమోదు కాకపోవచ్చును.

స్కార్మ్ పాఠములలో పాఠము ప్రారంభమైనప్పుడు, ముగిసినప్పుడు సర్వరుతో మాట్లాడవలసి ఉండును. ముగింపు సంకేతము వెళ్ళకముందే కిటికీని మూసివేసినచో, నెట్ తెగినచో, లేదా ఎక్కువసేపు కదలిక లేక లాగిన్ గడువు ముగిసినచో చివరి భాగము నమోదు కాదు. పాపప్ కిటికీలను బ్రౌజరు అడ్డుకొన్నచో పాఠము అసలు తెరచుకొనదు. పాఠము వేరొక డొమైనులో ఉన్నచో బ్రౌజరు భద్రతా నియమము రెండింటి మధ్య సంభాషణను ఆపివేయును. స్కార్మ్ 1.2లో విద్యార్థి ఎక్కడ ఆగినది గుర్తుంచుకొను సమాచారమునకు 4096 అక్షరముల పరిమితి కలదు. చాలా పెద్ద పాఠములలో ఈ పరిమితి దాటి, విద్యార్థి తిరిగి వచ్చినప్పుడు పాఠము మొదటినుండి మొదలుకావచ్చును. ఒకే పాఠమును ఫోనులోను కంప్యూటరులోను ఒకేసారి తెరచుట వలన చివర చేరిన నమోదు ముందు దానిని చెరిపివేయవచ్చును.

మొబైల్ యాప్‌లో నెట్ లేకుండా చూచిన పాఠముల నమోదు ఫోనులోనే నిలువ ఉండి, నెట్ దొరికినప్పుడు సర్వరుకు చేరును. అంతకుముందే యాప్‌ను తొలగించినను, దాని సమాచారమును చెరిపినను ఆ నమోదు పోవును. "పని చేయుటలేదు, యాప్ తీసివేసి మళ్ళీ వేసికొనండి" అను సలహా ఈ సందర్భములో మేలుకన్న కీడే ఎక్కువ చేయును.

ఖాతాలకు సంబంధించినవి

ఒక వ్యక్తి ఒకసారి ఫోను నంబరుతోను మరొకసారి ఈమెయిలుతోను లాగిన్ అయినచో రెండు ఖాతాలు ఏర్పడి, పాఠములు రెండింటి మధ్య చీలిపోవచ్చును. ఇంటిలో ఒకే ఫోనును అక్కాతమ్ముళ్ళు వాడునప్పుడు ఒకరి ఖాతాలో మరొకరి పాఠము నమోదగును. బ్యాచ్ ఉన్న వేదికలలో బ్యాచ్‌లో చేరకుండా పాఠములు చూచినను, బ్యాచ్ గడువు ముగిసిన తరువాత చూచినను అవి లెక్కలోనికి రావు. ఎన్.పి.టి.ఇ.ఎల్ లోకల్ ఛాప్టరు గల కళాశాలలలో విద్యార్థి తన వివరములలో కళాశాల పేరును తప్పుగా ఎంచుకొన్నచో అతని ప్రగతి కళాశాల సమన్వయకర్తకు కనిపించదు.

లెక్కింపునకు సంబంధించినవి

కోర్సు పూర్తిని లెక్కించు పని అన్ని వ్యవస్థలలోను వెంటనే జరుగదు. మూడుల్‌లో ఇటువంటి పనులు క్రాన్ అను ఆవర్తక కార్యక్రమము ద్వారా జరుగును. దీనిని నిమిషమునకు ఒకసారి నడుపవలెనని మూడుల్ సూచించుచున్నది. క్రాన్ ఆగిపోయినచో పాఠములకు టిక్కులు పడుచుండును కాని కోర్సు పూర్తి మాత్రము కదలదు.

శాతమును పూర్ణాంకముగా చూపునప్పుడు కూడ అయోమయము కలుగవచ్చును. ఉదాహరణకు 200 అంశములు గల కోర్సులో 199 ముగించినచో అది 99.5 శాతము. దీనిని సవరించి చూపు వ్యవస్థలో తెరపై 100 కనిపించును, ధ్రువపత్రము మాత్రము రాదు.

సర్వరు గడియారము అంతర్జాతీయ సమయములో ఉన్నచో భారత కాలమానమునకు ఐదున్నర గంటల తేడా ఉండును. అట్టి సర్వరులో అర్ధరాత్రికి పెట్టిన గడువు ఇచ్చట మరునాటి ఉదయము 5:30కు ముగియును. నివేదికలో తేదీ ఒక రోజు వెనుకకు కనిపించుటకు కూడ ఇదియే కారణము.

పూర్తి, ఉత్తీర్ణత, ధ్రువపత్రము

ఈ మూడింటిని ఒకటిగా భావించుట వలన అనేక ఫిర్యాదులు పుట్టును. స్కార్మ్ 1.2లో పూర్తికి, ఉత్తీర్ణతకు కలిపి ఒకే స్థితి ఉండెడిది. స్కార్మ్ 2004లో వీటిని విడదీసినారు.

ఎన్.పి.టి.ఇ.ఎల్ కోర్సులలో అసైన్‌మెంట్లకు 25, పరీక్షా కేంద్రములో జరుగు తుది పరీక్షకు 75 మార్కులు పాటించుట పరిపాటి. 12 వారముల కోర్సులో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్ల సగటును తీసికొందురు. ధ్రువపత్రము పొందుటకు అసైన్‌మెంట్లలో 25కు కనీసము 10, పరీక్షలో 75కు కనీసము 30 రావలెను. ఒక విద్యార్థికి అసైన్‌మెంట్ల సగటు 80 శాతము అనుకొన్నచో 25కు 20 మార్కులు వచ్చును. పరీక్షలో 75కు 28 వచ్చినచో మొత్తము 48 అగును. మొత్తము 40 దాటినను, పరీక్షలో 30 రానందున ధ్రువపత్రము లభించదు. ఇది నమోదు లోపము కాదు, నియమము. అన్ని వీడియోలు చూచి, అసైన్‌మెంట్లన్నీ వ్రాసి, పరీక్షకు నమోదు చేసికొననివారికి కూడ ధ్రువపత్రము రాదు.

పరిశీలన క్రమము

లోపమును వెదకునప్పుడు క్రమము పాటించుట వలన కాలము కలిసివచ్చును.

1. లోపము ఒక్కరికా, అందరికా అని తెలుసుకొనవలెను. ఒక్కరికే అయినచో ఖాతా, పరికరము, సంకేతములలోను; అందరికీ అయినచో నియమము, క్రాన్, సర్వరులలోను కారణము ఉండుటకు అవకాశము ఎక్కువ. ఒక బృందమునకే అయినచో బృంద పరిమితులను చూడవలెను.
2. ఒక్క పాఠమునకా, అన్నింటికా అని చూడవలెను. ఒక్క పాఠము దగ్గరనే అందరూ ఆగిపోయినచో ఆ పాఠపు నియమమును పరిశీలించవలెను.
3. విద్యార్థి ఏ ఖాతాతో లాగిన్ అయినదీ, కోర్సులో విద్యార్థి హోదాతో ఉన్నదీ లేనిదీ సరిచూడవలెను. ఉపాధ్యాయ హోదాతో పాఠమును చూచి పరీక్షించుట వలన ప్రయోజనము లేదు. పూర్తి నివేదికలో సాధారణముగా విద్యార్థి హోదా గలవారే లెక్కింపబడుదురు.
4. లాగ్‌ను చూడవలెను. విద్యార్థి పాఠము తెరచినట్లు లాగ్‌లో ఉండి పూర్తి నమోదు లేనిచో లోపము నిర్ణయము అంచెలో ఉన్నట్లు. లాగ్‌లో అసలు ఏమియు లేనిచో సంకేతమే చేరలేదన్నమాట.
5. పాఠము పూర్తి అయి కోర్సు పూర్తి కానిచో కోర్సు నియమములను, క్రాన్ చివరిగా నడిచిన సమయమును చూడవలెను.
6. కోర్సు పూర్తి అయి ధ్రువపత్రము రానిచో మార్కుల అర్హతను, పేరు వివరములను, ధ్రువపత్రములు జారీచేయు తేదీని చూడవలెను.
7. సవరించిన తరువాత ఒక పరీక్షా విద్యార్థి ఖాతాతో పాఠమును మొదటినుండి చివరివరకు నడిపి చూడవలెను.

చేతితో సవరించుట

మూడుల్ వంటి వ్యవస్థలలో అనుమతి ఉన్న ఉపాధ్యాయుడు విద్యార్థి పూర్తి స్థితిని నివేదిక నుండి నేరుగా మార్చవచ్చును. సెమిస్టరు ముగియు సమయములో ఇది సులభ మార్గముగా కనిపించును. కాని కారణము తెలియకుండా టిక్కు పెట్టినచో లోపము అట్లే ఉండి, ఫిర్యాదు చేయని విద్యార్థులు నష్టపోవుదురు. ఒక్క విద్యార్థి వచ్చి అడిగినప్పుడు అదే స్థితిలో మరెందరున్నారో నివేదికలో వెదకి, అందరికీ ఒకే విధముగా సవరించుట న్యాయము. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారముతో సవరించినదీ వ్రాసి ఉంచుట అవసరము.

విద్యార్థులు తీసికొనవలసిన జాగ్రత్తలు

• కోర్సు మొదటి నుండి చివరి వరకు ఒకే ఖాతాను వాడవలెను.
• పేరును గుర్తింపు పత్రములలో ఉన్నట్లే వ్రాయవలెను. హాల్‌టికెట్ నంబరు అడిగిన చోట తప్పక ఇవ్వవలెను. ఒకే పేరు గలవారిని వేరుపరచునది అదియే.
• పాఠము చివర ఉన్న ముగింపు బటన్ నొక్కి, టిక్కు పడిన తరువాతనే కిటికీని మూయవలెను.
• అసైన్‌మెంటు సమర్పించిన తరువాత తేదీ, సమయము కనిపించునట్లు తెరచిత్రమును, వచ్చిన ఈమెయిలును భద్రపరచవలెను.
• నెట్ లేకుండా చూచిన పాఠములు సర్వరుకు చేరినవని మరొక పరికరములో లాగిన్ అయి సరిచూచుకొనవలెను.
• ఫిర్యాదులో కోర్సు పేరు, పాఠము పేరు, ఖాతా, తేదీ, సమయము వ్రాయవలెను. ఇవి ఉన్నచో లాగ్‌లో వెదకుట తేలిక.
• గడువు చివరి రోజు వరకు వేచియుండక వారమునకు ఒకసారి తన ప్రగతిని చూచుకొనవలెను.

పరిమితులు

పూర్తి నమోదు అభ్యసనమునకు కొలమానము కాదు. పేజీ తెరచినంతనే టిక్కు పడు కోర్సులో చదవకుండానే 100 శాతము సాధింపవచ్చును. నియమములను కఠినము చేసినకొలది చదివినవారు కూడ సంకేత లోపముల వలన వెనుకబడు ప్రమాదము పెరుగును. అందువలన క్రెడిట్లు ముడిపడిన కోర్సులలో తెరపై కనిపించు శాతముపై ఆధారపడక ప్రత్యేకముగా పరీక్ష నిర్వహించు పద్ధతి నిలిచియున్నది. స్వయం కోర్సులలో పరీక్షా కేంద్రములో వ్రాయు తుది పరీక్షకు అధిక భాగము మార్కులు కేటాయించుట ఇందుకు ఉదాహరణ.

ఇవి కూడా చూడండి

• స్వయం
• దీక్ష
• మూడుల్
• దూరవిద్య
• శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము
• ద్రావిడ విశ్వవిద్యాలయము